కాలేజీ చదువు ఖర్చు, ముందస్తు ఏర్పాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ ఫీజు కట్టాల్సిన తేదీ మన చేతిలో ఉండదు. ఇల్లు కట్టడం రెండేళ్లు ఆపుకోవచ్చు, పాత బండినే ఇంకొన్నాళ్లు నడుపుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయిని మాత్రం మూడేళ్లు ఆగి చేరమనలేం. అందుకే ఈ లెక్క ఆ తేదీ దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది. కింది ఉదాహరణల్లో నాలుగేళ్ల కోర్సు మొత్తానికి ఇవాళ్టి ధరల్లో 10 లక్షలు అవుతుందని అనుకున్నాం. మీ కరెన్సీ ఏదైనా, మీ అంకె ఎంతైనా, నిష్పత్తులు ఇవే.

ఇవాళ 10 లక్షలయ్యే చదువుకు, ఇప్పుడే పుట్టిన బిడ్డ విషయంలో ఎంత సిద్ధం చేయాలి?

ఫీజులు ఏటా ఎంత పెరుగుతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. పద్దెనిమిదేళ్లలో ఆ 10 లక్షలు, ఏటా 6 శాతం పెరిగితే 28.5 లక్షలవుతాయి. 8 శాతమైతే 40 లక్షలు, 10 శాతమైతే 55.6 లక్షలు. రేటులో నాలుగు శాతం తేడా చివరికి దాదాపు రెట్టింపు తేడాగా తేలుతుంది.

నోటి లెక్కకు 72 సూత్రం చాలు. 72ను పెరుగుదల రేటుతో భాగిస్తే, ఖర్చు రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో వస్తుంది. 8 శాతానికి తొమ్మిదేళ్లు. అంటే పద్దెనిమిదేళ్లలో రెండుసార్లు రెట్టింపై నాలుగింతలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఫీజు ఒక్కసారే కట్టం, నాలుగేళ్లు కడతాం, ఆ నాలుగేళ్లలోనూ అది పెరుగుతూనే ఉంటుంది. చేరేనాటి 40 లక్షలను నాలుగేళ్లకు పంచి చూస్తే, 8 శాతం లెక్కన మొదటి ఏడు 10 లక్షలు, తర్వాత 10.8, 11.7, 12.6, మొత్తం కలిపి 45 లక్షలు. అయితే రెండు, మూడు, నాలుగో ఏటి డబ్బు అప్పటిదాకా డిపాజిట్లో ఉండి 6 శాతం సంపాదిస్తుంటే, చేరే రోజుకు చేతిలో 41 లక్షలుంటే సరిపోతుంది. కాబట్టి 40 లక్షల్ని గురిగా పెట్టుకోవడం మరీ తప్పేమీ కాదు.

ఏ రేటు వేసుకోవాలో ఎలా తెలుస్తుంది?

పత్రికల్లో వచ్చే సాధారణ ద్రవ్యోల్బణం అంకెను వాడకండి. అందులో కూరగాయల నుంచి అద్దెల దాకా అన్నీ కలిసి ఉంటాయి. మీ పిల్లలు చేరే అవకాశమున్న రెండు మూడు కాలేజీల్లో అదే కోర్సు ఫీజు ఇప్పుడు ఎంతో, అయిదేళ్ల కింద ఎంతో కనుక్కోండి. కొత్త ఫీజును పాత ఫీజుతో భాగించి, అయిదో మూలం (అయిదుసార్లు వేసి గుణిస్తే ఆ అంకె వచ్చే సంఖ్య) తీసి, 1 తీసేస్తే ఏటా పెరిగిన రేటు వస్తుంది. 6 లక్షలున్నది 8.8 లక్షలైతే అది ఏటా దాదాపు 8 శాతం.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ఫీజులు ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా పెరగవు, కొన్నేళ్లు కదలకుండా ఉండి ఒక్కసారి ఎగురుతాయి. ఇంగ్లండ్‌నే చూడండి. 1998లో అక్కడ ఏడాదికి 1,000 పౌండ్ల గరిష్ఠ ఫీజు పెట్టారు. 2006లో అది 3,000 అయింది. 2012లో 9,000 అయింది. 2007 నుంచి 2011 దాకా మాత్రమే చూసినవాళ్లకు ఫీజులు నిలకడగా ఉన్నట్టే కనిపించి ఉంటాయి. అందుకని అయిదేళ్లతో పాటు పదేళ్ల అంకె కూడా తీసి, రెండింటిలో పెద్దదాన్ని వాడండి.

కాలేజీ ఖర్చు మిగతా వాటికన్నా వేగంగా ఎందుకు పెరుగుతుంది?

దీనికి ఒకే కారణం లేదు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ 1960లలో ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ ఇచ్చినది. ఫ్యాక్టరీలో యంత్రం వస్తే ఒక్క మనిషి పదిమంది పని చేస్తాడు, వస్తువు చవకవుతుంది. నలుగురు కలిసి వాయించే సంగీత కచేరీకి మాత్రం రెండు వందల ఏళ్ల కిందటా నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే కావాలి. పాఠం చెప్పడమూ అంతే. గంట పాఠానికి గంట పడుతుంది. కానీ ఆ అధ్యాపకుడు వేరే ఉద్యోగానికి పోకుండా ఉండాలంటే జీతం బయటి జీతాలతో పాటు పెరగాల్సిందే. పని వేగం పెరగకుండా జీతం పెరిగితే ఆ భారం ఫీజు మీద పడుతుంది.

దానికి తోడు చాలా దేశాల్లో ప్రభుత్వం ఒక్కో విద్యార్థి మీద పెట్టే వాటా తగ్గినప్పుడల్లా ఆ లోటును విద్యార్థి నుంచే రాబడుతున్నారు. హాస్టళ్లు, ల్యాబులు, కార్యాలయ సిబ్బంది పెరగడం మరో కారణం. అప్పు తేలిగ్గా దొరికితే కాలేజీలు ఫీజులు పెంచుతాయన్న వాదనను 1987లో అమెరికా విద్యాశాఖ మంత్రి విలియం బెనెట్ ముందుకు తెచ్చారు. అది ఎంతవరకు నిజమన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. మీ ఇంటి లెక్కకు కావలసినంత వరకు ఒక్కటి తెలిస్తే చాలు. ఈ కారణాల్లో ఏదీ నాలుగైదేళ్లలో పోయేది కాదు.

ఖర్చు అంటే ఏమేం కలపాలి?

ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసుకుని కూర్చోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి.

మొదటి గడిలో కాలేజీకి కట్టేవి: ట్యూషన్, ప్రవేశ రుసుము, పరీక్ష ఫీజు, ల్యాబు, లైబ్రరీ, తిరిగి వచ్చే డిపాజిట్. రెండో గడిలో బతకడానికయ్యేవి: గది, భోజనం, ప్రయాణం, ఫోను, ఆరోగ్య బీమా, ఏడాదికి ఇన్నిసార్లు ఇంటికి రాకపోకలు. మూడో గడిలో సామగ్రి: పుస్తకాలు, ల్యాప్‌టాప్, కోర్సుకు కావలసిన పనిముట్లు. నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ప్రవేశ పరీక్షల కోచింగ్, దరఖాస్తు రుసుములు, సీటు ఖాయం చేసుకోవడానికి కట్టి తర్వాత వదులుకునే అడ్వాన్సు, జీతం లేని ఇంటర్న్‌షిప్ నెలల ఖర్చు దాంట్లోకి వస్తాయి. ఈ గడిలోవి చాలావరకు కాలేజీలో చేరకముందే చేతి నుంచి పోతాయి. అందుకని వీటి డబ్బు ఏడాదిన్నర ముందే చేతికందేలా ఉండాలి.

ఇంటి నుంచి వెళ్లి చదివితే రెండో గడి బాగా చిన్నదవుతుంది. ఆ ఒక్క మార్పు మొత్తం లెక్కనే మార్చేస్తుంది కాబట్టి రెండు రకాలుగానూ వేసి చూడండి.

నెలకు ఎంత దాచాలి?

గురి 40 లక్షలు, రాబడి ఏటా 9 శాతం, నెలనెలా జమ అనుకుందాం. బిడ్డ పుట్టిన వెంటనే మొదలుపెడితే నెలకు దాదాపు 7,460 చాలు. ఎనిమిదేళ్లు గడిచాక మొదలుపెడితే అదే 40 లక్షలకు నెలకు 20,670 కావాలి. అయిదేళ్లే మిగిలితే 53,030. జేబులోంచి పెట్టే మొత్తం మొదటి దారిలో 16 లక్షలు, రెండో దారిలో 25 లక్షలు, మూడో దారిలో 32 లక్షలు. మిగతాది చక్రవడ్డీ పెడుతుంది, దానికి టైము ఇచ్చినవాళ్లకే.

చిన్న పిల్లలున్న ఇంట్లో 7,460 కూడా భారమే కావచ్చు. అప్పుడు మెట్లు మెట్లుగా పెంచే పద్ధతి పెట్టుకోండి. మొదటి ఏడు నెలకు 4,300తో మొదలుపెట్టి, ప్రతి ఏడూ 8 శాతం పెంచుతూ పోతే పద్దెనిమిదేళ్లకు అదే 40 లక్షలు చేతికొస్తాయి. చివరి ఏడు నెలకు 15,900 కట్టాల్సి వస్తుంది, అయితే అప్పటికి మీ ఆదాయమూ పెరిగి ఉంటుంది. ఈ పద్ధతి చెడేది ఒక్కచోటే. పెంచడం గుర్తుండదు. జీతం పెరిగే నెలలోనే బ్యాంకుకు ఇచ్చిన ఆదేశంలో అంకె మార్చేయండి, లేదా ఏటా దానంతటదే పెరిగే ఆదేశం ఇవ్వండి. మూడేళ్లు మరిచిపోతే మళ్లీ అందుకోవడం కష్టం.

పిల్లకు ఇప్పటికే పదమూడేళ్లు. ఏమీ దాచలేదు. ఇప్పుడేం చేయాలి?

మొత్తం పొదుపుతోనే కట్టాలన్న ఆలోచన మానుకుని మూడు వాటాలు చేయండి. ఒక వాటా ఇప్పటి నుంచి దాచేది. రెండో వాటా చదువు సాగుతున్నప్పుడు నెల ఆదాయంలోంచి కట్టేది. మూడోది అప్పు.

ఇవాళ్టి 10 లక్షలు 8 శాతం పెరుగుదలతో అయిదేళ్లకు 14.7 లక్షలవుతాయి. అంతా దాయాలంటే, 6 శాతం వచ్చే సురక్షితమైన డిపాజిట్లో నెలకు 21,000 వేయాలి. మూడో వంతే దాస్తే నెలకు 7,000 చాలు. ఆలస్యమైందని ఎక్కువ రాబడి కోసం అంతా షేర్లలో పెట్టడం ఈ వయసులో చేయకూడని పని. నష్టం వస్తే కోలుకునే టైము ఉండదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఎన్నేళ్లు మిగిలాయన్నదే దీన్ని తేల్చాలి. మా సిఫారసు ఇలా ఉంటుంది. పదేళ్లకు పైగా ఉంటే 70 శాతం దాకా విస్తృతమైన ఈక్విటీ ఇండెక్స్ ఫండ్లలో (ఒక షేర్ల సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే ఫండ్లు), మిగతాది బాండ్లు, డిపాజిట్లలో. ఏడేళ్లుంటే ఈక్విటీ సగానికి రావాలి. నాలుగేళ్లుంటే నాలుగో వంతు. చేరడానికి ఏడాది ముందు మొదటి రెండేళ్ల ఫీజు పూర్తిగా డిపాజిట్లో ఉండాలి. మూడేళ్లలోపు కావలసిన డబ్బు షేర్లలో ఉండకూడదు. ఈ చివరి మాటకు మినహాయింపు వద్దు.

కారణం లెక్కలోనే ఉంది. 40 లక్షలు 35 శాతం పడిపోతే 26 లక్షలవుతాయి. తిరిగి 40కి రావాలంటే 35 శాతం పెరిగితే చాలదు, 54 శాతం పెరగాలి. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి దాకా అమెరికాలో 500 పెద్ద కంపెనీల షేర్ల సూచీ అయిన ఎస్ అండ్ పీ 500 దాదాపు 57 శాతం పడింది. ఆ మధ్యలో కాలేజీలో చేరాల్సిన పిల్లల తల్లిదండ్రులు మార్కెట్ కోలుకునేదాకా ఆగే వీల్లేకపోయింది, ఎందుకంటే ఫీజు గడువు వచ్చేసింది. అంతకన్నా కఠినమైనది జపాన్ పాఠం. 1989 డిసెంబరులో నిక్కీ సూచీ అందుకున్న శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ఒక్క దేశం షేర్ల మీదే మొత్తం పెట్టకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈక్విటీ వాటా తగ్గించే పనిని మార్కెట్ చూసి చేయకండి. బిడ్డ పుట్టినరోజును గుర్తుగా పెట్టుకుని ఏటా ఆ వారం మార్చండి. మార్కెట్ పెరుగుతున్నప్పుడు ఇంకో ఏడాది ఉంచుదామనిపిస్తుంది, పడుతున్నప్పుడు ఇప్పుడు అమ్మితే నష్టం కదా అనిపిస్తుంది. రెండు వేళలా మనసు ఆపమనే చెబుతుంది.

ఫండ్ ఛార్జీలు అర శాతమో ఒక శాతమో కదా, అంత పట్టించుకోవాలా?

తప్పకుండా. పైన చెప్పిన 7,460 జమ 9 శాతంతో 40 లక్షలైంది. ఛార్జీలు ఏటా ఒకటిన్నర శాతం తిని, మీ చేతికి 7.5 శాతమే వస్తే అదే జమ దాదాపు 34 లక్షల దగ్గర ఆగుతుంది. ఆరు లక్షలు పోయినట్టు, అదీ ఏ బిల్లులోనూ కనిపించకుండా.

పిల్లల పేరు మీద దాచాలా, మన పేరు మీదా?

పిల్లల పేరు మీద ఉన్న ఖాతా వాళ్లు మేజర్లు కాగానే చట్టప్రకారం వాళ్లదవుతుంది. ఆ డబ్బు దేనికి వాడాలో ఆ తర్వాత మీరు శాసించలేరు. ఇద్దరు పిల్లలుండి ఒకరికి స్కాలర్‌షిప్ వస్తే, వారి ఖాతాలోది రెండోవారికి మార్చడం కూడా కష్టం. మీ పేరు మీద వేరే ఖాతా తెరిచి దానికి చదువు పేరు పెట్టుకోవడం చాలా ఇళ్లకు నప్పుతుంది.

పన్ను రాయితీ కోసం పిల్లల పేరు మీదే పెట్టాల్సిన పథకాలు కొన్ని దేశాల్లో ఉంటాయి. వాటిలో చేరేముందు మూడు విషయాలు చూడండి: మధ్యలో తీయవచ్చా, చదువుకు కాక వేరే దానికి తీస్తే ఏం కోస్తారు, ఇంకో బిడ్డకు మార్చవచ్చా. ఆర్థిక సహాయం లెక్కల్లోనూ పేరు తేడా తెస్తుంది. అమెరికా ఫెడరల్ లెక్కలో విద్యార్థి పేరు మీదున్న ఆస్తిలో 20 శాతం ఏటా చదువుకు పెట్టగలరని అనుకుంటారు. తల్లిదండ్రుల పేరు మీదైతే ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం.

పొదుపు, బీమా కలిసిన పిల్లల పాలసీ తీసుకుంటే రెండు పనులూ అయిపోతాయి కదా?

అలా కలిసి ఉన్నవాటిలో ఎంత బీమాకు పోతోందో, ఎంత పొదుపులో పడుతోందో, ఎంత కమీషన్‌గా పోతోందో విడదీసి చూడడం కష్టం. మొదటి కొన్నేళ్లలో ఆపేస్తే కట్టినదాంట్లో పెద్ద భాగం తిరిగి రాదు. వేరువేరుగా తీసుకోవడమే మేలని మా అభిప్రాయం: సంపాదించేవారి ప్రాణం మీద విడి టర్మ్ పాలసీ (గడువులోగా చనిపోతేనే సొమ్ము ఇచ్చే బీమా) ఒకటి, పొదుపు వేరుగా ఒకటి.

టర్మ్ కవరు ఎంతుండాలన్నదానికి తేలిక లెక్క ఉంది. ఇవాళ్టి ధరల్లో చదువు ఖర్చు మొత్తం, దానికి ఇంటి అప్పులు, కుటుంబం కొన్నేళ్లు గడవడానికి కావలసింది కలపండి. గడువు చివరి బిడ్డ చదువు పూర్తయ్యేదాకా ఉండాలి, చేరేదాకా కాదు. బీమా సొమ్ము అందవలసిన నామినీ మైనరైతే వారి తరఫున డబ్బు తీసుకునే పెద్దవారి పేరు పాలసీలోనే రాయించండి. అది లేక నెలల తరబడి సొమ్ము ఆగిపోయి, ఫీజు గడువు దాటిపోతుంది.

పిల్లల చదువు కోసం మా రిటైర్మెంట్ డబ్బు తీయవచ్చా?

వద్దు. చదువుకు అప్పిచ్చేవాళ్లున్నారు. ముసలితనానికి అప్పిచ్చేవాళ్లు లేరు. ఆ డబ్బు తీసేస్తే చదువు ముగిసిన పిల్లల మీదే మీ భారం పడుతుంది, అదీ వాళ్లు తమ పిల్లల కోసం దాచుకోవాల్సిన వయసులో. వరస ఇలా పెట్టుకోండి: ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో, తర్వాత బీమా, తర్వాత రిటైర్మెంట్, ఆ పైన చదువు నిధి.

ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు చేసుకోవడమేనా?

మొత్తం రెట్టింపే, కానీ నొప్పి అంతా రెండు చదువులూ కలిసే ఏళ్లలో ఉంటుంది. ఇద్దరి మధ్య రెండేళ్ల తేడా ఉండి, నాలుగేళ్ల కోర్సులైతే రెండేళ్లు ఇద్దరి ఫీజులూ ఒకేసారి వస్తాయి. ఆ రెండేళ్లను క్యాలెండర్లో ముందే గుర్తించి, వాటిలో ఇల్లు బాగుచేయించడం, వాహనం కొనడం లాంటివి పెట్టుకోకండి. పెద్దవారికే ఉన్నదంతా ఖర్చుచేసి చిన్నవారి దగ్గరికి వచ్చేసరికి అప్పు మాత్రమే మిగలడం మామూలుగా జరిగేది. నిధిని రెండు ఖాతాలుగా విడదీయడం అందుకే.

వేరే దేశంలో చదివిస్తే లెక్క ఎలా మారుతుంది?

రెండు పెరుగుదలలు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. అక్కడి ఫీజు ఏటా 4 శాతం పెరిగి, ఆ కరెన్సీ మీ కరెన్సీతో పోలిస్తే ఏటా 3 శాతం ఖరీదైతే, మీ చేతి నుంచి పోయేది ఏటా 7.1 శాతం పెరుగుతుంది. పదిహేనేళ్లలో అది 2.8 రెట్లు. ప్రయాణానికి ముందు రెండు మూడేళ్లలో కొంత కొంత ఆ కరెన్సీలోకి మార్చుకుంటూ పోతే, ఒక్కరోజు మారకపు రేటు మీద అంతా ఆధారపడదు. వీసా కోసం ఖాతాలో చూపించమనే మొత్తాన్ని, అది ఎన్నాళ్లుగా ఉండాలన్న నిబంధనను ముందే చదవండి. దరఖాస్తుకు ముందురోజు అరువు తెచ్చి వేసిన డబ్బు చాలాచోట్ల చెల్లదు.

కాలేజీ ప్రకటించిన ఫీజే కట్టాలా?

చాలాచోట్ల కాదు. ప్రకటించిన ఫీజు వేరు, రాయితీలు పోను చేతి నుంచి పోయేది వేరు. రెండో అంకెనే పోల్చి చూడాలి. ఎక్కువ ఫీజు రాసుకుని పెద్ద రాయితీ ఇచ్చే కాలేజీ, తక్కువ ఫీజుతో రాయితీ ఇవ్వని కాలేజీకన్నా చవక పడొచ్చు. అమెరికాలో ఫెడరల్ సహాయం పొందే కాలేజీలన్నీ 2011 అక్టోబరు నుంచి, ఈ నికర ఖర్చును అంచనా వేసే లెక్కపట్టికను తమ సైట్లో పెట్టడం తప్పనిసరి.

స్కాలర్‌షిప్ ఉత్తరం వచ్చింది. ఏం సరిచూడాలి?

పెద్ద అంకె చూసి సంతోషపడి, కింది షరతులు చదవకపోవడం వల్లనే రెండో ఏడు దెబ్బ తగులుతుంది. కాలేజీకి రాతపూర్వకంగా ఈ ప్రశ్నలు పంపి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఇది ఒక్క ఏడాదికా, కోర్సు మొత్తానికా? కొనసాగాలంటే ఎన్ని మార్కులు, ఏటా ఎన్ని క్రెడిట్లు (పూర్తిచేసిన పాఠాలకు వచ్చే పాయింట్లు) ఉండాలి? ఒక సెమిస్టరులో తగ్గితే వెంటనే తీసేస్తారా, సరిదిద్దుకునే గడువు ఇస్తారా? ఫీజు పెరిగితే స్కాలర్‌షిప్ కూడా పెరుగుతుందా, అదే అంకెలో ఉండిపోతుందా? బయటి సంస్థ నుంచి ఇంకో స్కాలర్‌షిప్ వస్తే మీది తగ్గిస్తారా?

నాలుగో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ఫీజు ఏటా 8 శాతం పెరుగుతూ, సగం ఫీజుకు సరిపోయిన స్కాలర్‌షిప్ కదలకుండా ఉంటే, నాలుగో ఏటికి అది ఫీజులో సగం కాదు, 40 శాతమే అవుతుంది.

చదువుకునేటప్పుడు విద్యారుణం కట్టక్కర్లేదంటారు. అది ఉచితమా?

వాయిదా కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం ఎక్కువ రుణాల్లో మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఏటా 5 లక్షల చొప్పున నాలుగేళ్లు, మొత్తం 20 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. మొదటి విడత తీసుకున్న అయిదేళ్లకు వాయిదాలు మొదలవుతాయి. సాధారణ వడ్డీ అయినా అప్పటికి 7 లక్షలు చేరి బాకీ 27 లక్షలవుతుంది. చక్రవడ్డీ అయితే 28 లక్షలు దాటుతుంది.

27 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా 35,680. చదువు సాగుతున్నప్పుడే వడ్డీ కడుతూ పోయి ఉంటే బాకీ 20 లక్షలే ఉండి, వాయిదా 26,430 అయ్యేది. అప్పుడు కట్టని 7 లక్షల వడ్డీకి తర్వాత 11 లక్షలు ఎక్కువ కడుతున్నారన్నమాట. పూర్తి వడ్డీ కట్టలేకపోతే సగమైనా కట్టండి, అదీ మేలే.

వాయిదా గడువు ఎంత పెట్టుకోవాలి?

అదే 27 లక్షలకు అయిదేళ్లయితే నెలకు 57,370, మొత్తం 34.4 లక్షలు. పదేళ్లయితే 35,680, మొత్తం 42.8 లక్షలు. పదిహేనేళ్లయితే 29,010, మొత్తం 52.2 లక్షలు. పది నుంచి పదిహేనుకు వెళితే నెలకు 6,700 తగ్గుతుంది, మొత్తానికి 9.4 లక్షలు పెరుగుతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు నెల ఇరుకు నిజమైన ఇరుకే. కాబట్టి గడువు పొడవుగా తీసుకుని, ముందస్తు చెల్లింపుకు జరిమానా లేదని కాగితంలో చూసుకుని, బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కట్టడం మంచి దారి. మొదటి రెండు మూడేళ్లలో కట్టిన అదనపు సొమ్ముకే ఎక్కువ ఫలితం. ఎందుకంటే మొదటి నెల 35,680లో 22,500 వడ్డీకే పోతుంది. అదనంగా కట్టేటప్పుడు దాన్ని అసలులో జమచేయమని రాసివ్వండి, లేకపోతే రాబోయే వాయిదా కింద పక్కన పెట్టే అవకాశముంది.

ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో మారే వడ్డీ) అయితే ఒక శాతం పెరిగినా తట్టుకోగలరా చూసుకోండి. పై పదేళ్ల రుణంలో 10 శాతం 11 అయితే వాయిదా 1,500 పెరుగుతుంది.

అప్పు ఎంత దాకా తీసుకోవచ్చు?

వాయిదాను అయిదుతో గుణించండి. చదువయ్యాక నెలకు అంత సంపాదన వచ్చే కోర్సేనా అన్నది అడగాల్సిన ప్రశ్న. 35,680 వాయిదాకు అది దాదాపు 1.8 లక్షలు. ఆ కాలేజీ చెప్పే అత్యధిక జీతాన్ని కాక, సగటును కూడా కాక, మధ్యస్థ జీతాన్ని (అందరి జీతాలనూ వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేదాన్ని) అడగండి. ఇద్దరు ముగ్గురికి వచ్చిన భారీ జీతాలు సగటును పైకి లాగేస్తాయి. ఉద్యోగం దొరకనివాళ్లను ఆ లెక్కలో కలిపారా లేదా అన్నదీ అడగండి.

హామీ సంతకం అడుగుతున్నారు. పెట్టవచ్చా?

ఆ సంతకంతో అప్పు మీదే అయినట్టు అనుకుని పెట్టండి. విద్యార్థి వాయిదా తప్పితే మీ రుణ చరిత్ర కూడా దెబ్బతింటుంది, మీ ఇంటి రుణం దరఖాస్తులో ఈ బాకీ కనిపిస్తుంది. కొన్నేళ్లు సక్రమంగా కట్టాక హామీదారును తప్పించే వీలుందేమో ఒప్పందంలో చూడండి. విద్యార్థి చనిపోతే బాకీ ఏమవుతుందో కూడా అక్కడే రాసి ఉంటుంది. అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగాల్సినదే.

ఆదాయాన్ని బట్టి తీర్చే రుణం అంటే?

ఆస్ట్రేలియా 1989లో దేశమంతటా మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆదాయం ఒక గీత దాటితేనే కోత మొదలవుతుంది, అదీ పన్నుతో పాటు. ఉద్యోగం పోతే కోత ఆగుతుంది. అక్కడ మామూలు వడ్డీ వేయరు గానీ ధరల సూచీ, వేతనాల సూచీ రెండింటిలో తక్కువదాన్ని బట్టి బాకీ పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్లకు మిగిలిన బాకీ 40 ఏళ్లకు రద్దవుతుంది, అంతకుముందు 2012 నుంచి చేరినవాళ్లకు అది 30 ఏళ్లు. ఇలాంటి రుణం దొరికే చోట, దాన్ని మామూలు బ్యాంకు అప్పులా భయపడి తొందరగా తీర్చాల్సిన అవసరం ఉందో లేదో ముందు లెక్క వేసుకోండి. ఆదాయం తక్కువగా ఉండేవారికి తొందరపడి కట్టడం నష్టమే కావచ్చు.

నాలుగేళ్ల కోర్సు అయిదేళ్లు పడితే?

అన్నిటికన్నా ఖరీదైన ఏడాది అదే. పెరిగిన ఫీజు, ఒక ఏడాది బతుకు ఖర్చు, దానికి తోడు రావాల్సిన మొదటి ఏటి జీతం పోతుంది. ఇలా అయ్యేది తెలివి తక్కువై కాదు. తర్వాతి కోర్సుకు ముందుగా పూర్తిచేయాల్సిన పాఠం ఆ సెమిస్టరులో పెట్టకపోవడం, రెండో ఏడు చివర బ్రాంచి మార్చుకోవడం, కాలేజీ మారినప్పుడు పాత క్రెడిట్లను ఒప్పుకోకపోవడం ప్రధాన కారణాలు. మొదటి వారంలోనే ఎనిమిది సెమిస్టర్ల పాఠాలనూ ఒక పట్టికగా వేసుకుని, ఏది దేనికి ముందు కావాలో బాణాలు గీసుకుంటే సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది.

చదువు నాణ్యత తగ్గకుండా ఖర్చు తగ్గించే దారులున్నాయా?

ఉన్నాయి. మొదటి రెండేళ్లు ఇంటి దగ్గరి తక్కువ ఫీజు కాలేజీలో చదివి, మూడో ఏడు పెద్ద విశ్వవిద్యాలయానికి మారడం ఒకటి. క్రెడిట్లు ఏవేవి చెల్లుతాయో మొదటి రోజుకు ముందే కాగితం మీద తీసుకుంటేనే ఇది పనిచేస్తుంది. జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్పులు కోర్సులో భాగంగా ఉన్న కాలేజీలు, పనిచేస్తూ డిగ్రీ చేయించే అప్రెంటిస్ పథకాలు మరో దారి. పుస్తకాలు, ల్యాప్‌టాప్ మీద చేసే పొదుపు చిన్నది. బస ఎక్కడ, ఎన్నేళ్లు అన్న రెండు నిర్ణయాలే పెద్దవి.

ప్రభుత్వం ఫీజులు ఎత్తేస్తుందేమో. ఆగి చూడవచ్చా?

అలా జరిగిన దేశాలున్నాయి. జర్మనీలో కొన్ని రాష్ట్రాలు పెట్టిన ఫీజులు 2014 నాటికి అన్నిచోట్లా పోయాయి. చిలీ 2016లో తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ఉచిత విద్య మొదలుపెట్టింది. కానీ ఫీజు పోయినా గది అద్దె, భోజనం, పుస్తకాలు పోవు. దాచిన డబ్బు వాటికి ఉంటుంది, మిగిలితే పై చదువుకు ఉంటుంది.

పిల్లలకు ఈ లెక్కలు ఎప్పుడు చెప్పాలి?

కాలేజీల పేర్లు వాళ్ల నోట రాకముందే, పద్నాలుగు పదిహేనేళ్లకు. మేం ఇంతవరకు పెట్టగలం, ఆ పైన స్కాలర్‌షిప్‌గానీ అప్పుగానీ కావాలి అని అంకెతో చెప్పండి. సీటు వచ్చాక చెబితే అది వాళ్లకు శిక్షలా తోస్తుంది. వాయిదాల పట్టిక వాళ్ల చేతనే వేయించండి. అప్పు తీర్చాల్సింది వాళ్లు, పద్దెనిమిదేళ్లకు పెట్టే సంతకమూ వాళ్లదే.

చేరిన తర్వాత మానేస్తే కట్టింది తిరిగి వస్తుందా?

తేదీని బట్టి. చాలా కాలేజీల్లో తరగతులు మొదలవకముందు ఎక్కువ భాగం, మొదలైన కొన్ని వారాల దాకా కొంత భాగం ఇస్తారు, ఆ తర్వాత ఏమీ ఇవ్వరు. హాస్టల్‌కు నిబంధన వేరుగా ఉంటుంది. తరగతులకు వెళ్లడం మానేస్తే సరిపోదు. మానుకుంటున్నట్టు దరఖాస్తు ఇచ్చిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఆ రోజే ఇచ్చి రసీదు తీసుకోండి. విద్యారుణం ఉంటే బ్యాంకుకూ అదే వారం తెలపండి. తిరిగి వచ్చే ఫీజు నేరుగా రుణంలో జమ కావాలి, వాయిదాలు మొదలయ్యే తేదీని కూడా చదువు ఆపిన రోజు నుంచే లెక్కిస్తారు కాబట్టి అది అనుకున్నదానికన్నా ముందే వస్తుంది.